కొసరు

నా నంబరు పదిహేడు.
స్వెట్టరుకి పిన్నీసుతో గుచ్చిన కాగితం
ఊపిరి తీసినప్పుడల్లా చప్పుడు చేస్తోంది.
బిర్గులో చర్చి వెనక హాలు,
బాడ్మింటన్ గీతలు ఇంకా చెరగని నేల,
మూలన శ్రుతి తప్పిన పియానో,
దాని ముందు యాన్ అనే కుర్రాడు, అరటిపండు తింటూ.

నాటకం యుద్ధం గురించి.
మాల్టా రాతిని తొలిచిన సొరంగంలో పిల్లలు
లేని లోకాన్ని కల్పించుకుని బతికేస్తారట.
పాటలు పద్నాలుగు.
నాకన్నా ముందు వెళ్ళిన పదహారు మందీ
ఆకాశం వైపు చేతులు చాచారు.
సొరంగంలో ఆకాశమెక్కడిది?

"ఆకలిగా ఉన్నట్టు ఊహించుకోండి" అన్నాడు
దర్శకుడు స్పితేరి. ముప్పై కూడా ఉండవు, మంచివాడే.
"మీకు నచ్చిన పాట. ఒక్క చరణం చాలు."

వారం రోజులు సాధన చేసిన పాట
మొదటి మాట దగ్గరే జారిపోయింది.
ముప్పై ఏళ్ళుగా ఆసుపత్రి దుప్పట్లు మడతపెట్టే చేతులు
మడతపెట్టడానికేమీ లేక వేలాడాయి.
నోరు తెరిస్తే చేపల కేక వచ్చింది.

"లంపూకీ! లంపూకీ!
తెల్లారుజామున పట్టినవి, ఇంకా మెరుపు చావనివి!"

మా అమ్మ జూజా ఆ సొరంగంలో చేపలమ్మింది.
తొమ్మిదేళ్ళది. చేపల్లేవు.
చెమ్మ కారే గోడకి ఆనించిన ఖాళీ తట్ట,
తక్కెడ బదులు రెండు అరచేతులు.
పైన బాంబులు పడుతుంటే
కింద ఆడవాళ్ళు గీసి గీసి బేరమాడేవాళ్ళు,
మొప్పలెత్తి చూసేవాళ్ళు,
నిన్నటిది కంపు కొట్టిందని పోట్లాటకొచ్చేవాళ్ళు.
అమ్మ చిల్లర కూడా లెక్కపెట్టి ఇచ్చేది,
ఒక్క పైసా తేడా రాకుండా.

వెన్జు తాత అందరికన్నా చివర వచ్చేవాడు.
రేవులో తాళ్ళు పేని పేని
వేళ్ళు ఆ వంపులోనే ఉండిపోయిన మనిషి.
ఆ రాత్రి చేప కొన్నాడు, డబ్బిచ్చాడు,
కదల్లేదు.
"కొసరు వెయ్యవే పిల్లా. ఒక చిన్నది."
"రేపు రా" అంది అమ్మ.
వ్యాపారం వ్యాపారమే మరి.

పొద్దున్న ఆయన పడుకునే చోట
మడతపెట్టిన కోటు ఉంది.

బాంబుల సంగతి అమ్మ ఎప్పుడూ చెప్పలేదు.
ఎనభయ్యో ఏట కూడా గిన్నెలు తోముతూ తోముతూ
ఉన్నట్టుండి కుళాయి కట్టేసి అనేది:
"లేని చేపే కదే.
ఇస్తే నా సొమ్మేం పోయేది?"
మా ఇంట్లో వడ్డించడం అయ్యాక
ఇంకో గరిటె పడేది, అడక్కముందే.
వద్దన్నా పడేది.

ఇదేదీ వాళ్ళకి చెప్పలేదు. ఇచ్చింది రెండు నిమిషాలు.
తోక పట్టి ఎత్తాను. బరువుకి మణికట్టు వంగింది.
స్పితేరి కాగితాలు తిరగేశాడు.
"మా స్క్రిప్టులో... చేపలెక్కడా లేవండీ."
లేవు. నిజమే.

పియానో వెనకనుంచి యాన్, తలెత్తకుండానే,
"కిలో ఎంత?" అన్నాడు.
చెప్పాను. కాస్త ఎక్కువే చెప్పాను.
"దోపిడీ" అన్నాడు, అరటితొక్క పక్కన పెట్టి.
సగానికి అడిగాడు. నేను ససేమిరా అన్నాను.
"సరే, ముళ్ళు తీసివ్వు."
తీశాను, ఒక్కొక్కటే. హాల్లో ఎవరూ దగ్గలేదు.
పాత పేపర్లో చుట్టిచ్చాను.
లేచొచ్చి రెండు చేతులా అందుకున్నాడు.
ఇంకోటి, చిన్నది, దానిమీద పెట్టాను.
"నేనడగలేదే."
"తెలుసు."

"ఫోన్ చేస్తాం" అన్నాడు స్పితేరి.
అందరికీ అదే చెబుతున్నాడు.
గుమ్మంలో పద్దెనిమిదో నంబరు పిల్ల ఎదురొచ్చింది.
వెనక్కి తిరిగి చూశాను:
నేను నిలబడ్డ చోటు రాగానే
గౌను అంచు కొంచెం పైకెత్తి,
నేల తడిగా ఉన్నట్టు,
పక్కనుంచి నడిచింది.